ఓట్లు ఎన్నో కాదు, ఎక్కడ పడ్డాయో

ప్రశ్న: 2009లో మా గోదావరి జిల్లాల్లో ఊరూరా ఓట్లు పడినా ప్రజారాజ్యం పార్టీకి లోక్‌సభలో ఒక్క సీటూ దక్కలేదు. 2024లో జనసేన మాత్రం కాకినాడ, మచిలీపట్నం రెండే స్థానాల్లో నిలబడి రెండూ గెలిచింది. చిన్న పార్టీలు పార్లమెంటుకు వెళ్లడం వెనుక ఉన్న లెక్క ఏమిటి? ఇతర దేశాల్లోనూ ఇంతేనా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మన పద్ధతిలో నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారే విజేత, ఓడినవారికి పడిన లక్షల ఓట్లు ఏ ఖాతాలోనూ జమ కావు. అందుకే 2009లో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 16 శాతం ఓట్లు తెచ్చుకున్న ప్రజారాజ్యానికి 42 లోక్‌సభ స్థానాల్లో ఒక్కటీ రాకపోగా, ప్రధానంగా హైదరాబాదు పాతబస్తీ ఓట్ల మీదే ఆధారపడిన మజ్లిస్ తన స్థానాన్ని నిలబెట్టుకుంది. పార్టీ అధ్యక్షుడు చిరంజీవి సైతం తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు. 2019లో జనసేన రాష్ట్రమంతటా పోటీ చేసినా, పవన్ కల్యాణ్ భీమవరంలోనూ గాజువాకలోనూ ఓడిపోగా, ఆ పార్టీకి దక్కిన ఒకే ఒక్క శాసనసభ స్థానం మీ రాజోలే.

2024లో తేడా తెచ్చింది పొత్తు. పోటీ చేసే స్థానాలను బాగా తగ్గించుకున్నందుకు ప్రతిగా తెలుగుదేశం, బీజేపీ ఓట్లు జనసేనకు కలిశాయి. అలాగని దానిని అరువు బలమని కొట్టిపారేయడం సరికాదు. అమలాపురంలో తెలుగుదేశానికి, నరసాపురంలో, రాజమహేంద్రవరంలో బీజేపీకి జనసేన ఓట్లూ కలిసివచ్చాయన్నది డెల్టాలో అందరికీ తెలిసిన సంగతే.

బ్రిటన్‌లోనూ మన పద్ధతే. 2024లో అక్కడ రిఫార్మ్ యూకే పార్టీకి 14 శాతానికి పైగా ఓట్లు వచ్చినా 5 సీట్లే దక్కాయి. సుమారు 12 శాతం తెచ్చుకున్న లిబరల్ డెమోక్రాట్లు, తమకు పట్టున్న చోట్లనే దృష్టి పెట్టి 72 గెలిచారు. నెదర్లాండ్స్‌లో దేశం మొత్తం ఓట్లను బట్టి 150 సీట్లనూ పంచుతారు గనుక, 0.67 శాతం ఓట్లకే ఒక సీటు వస్తుంది. జంతువుల హక్కుల కోసం పుట్టిన పార్టీ 2006లో రెండు సీట్లతో సభలో అడుగుపెట్టింది. జర్మనీలోనూ ఓట్ల నిష్పత్తినే పాటిస్తారు గాని, సాధారణంగా 5 శాతం దాటితేనే సీట్లలో వాటా. 2025 ఎన్నికల్లో సారా వాగన్‌క్నెష్ట్ పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయి, ఒక్క సీటూ లేకుండా మిగిలింది. చీలికలను అరికట్టడానికి ఏదో ఒక హద్దు ఉండవలసిందే గాని, లక్షలాది ఓటర్లను సభ బయట నిలబెట్టేంత ఎత్తున ఉండడం నాకు సబబుగా తోచదు.

ప్రశ్న: ఒకరిద్దరు ఎంపీలతో ఏ పార్టీకైనా ఒరిగేదేమిటి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270 ఓట్లతో, అంటే ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ ఆదేశాన్ని కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆనాడు సభాపతి స్థానంలో ఉన్నది మీ అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి గారే. అటువంటి రోజులు అరుదు. మామూలు రోజుల్లో చర్చకు కేటాయించే సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు గనుక, ఇద్దరే ఉన్న పార్టీకి దొరికేది కొద్ది నిమిషాలే.