మెడికేర్ లెవీ: ఆస్ట్రేలియా పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో 482 వీసా (తాత్కాలిక వర్క్ వీసా) మీద ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. వీసా షరతు కాబట్టి నాకూ మా ఆవిడకూ ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్ నెలనెలా కడుతూనే ఉన్నాను. ట్యాక్స్ లెక్క చూస్తే మెడికేర్ లెవీ అని, అంటే ప్రభుత్వ వైద్య పథకమైన మెడికేర్ కోసం వసూలు చేసే పన్ను, 2 శాతం వేశారు. మా ఇద్దరికీ మెడికేర్ కార్డే లేదు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు లెవీ కట్టక్కర్లేదని ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. నిజమేనా? (మెల్‌బోర్న్ పాఠకుడు)

జవాబు: మీరు కట్టక్కర్లేదు, కానీ ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. ఆ కారణమే నమ్ముకుంటే రేపు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చాక దెబ్బతింటారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. లెవీకీ మీ ఇన్సూరెన్స్‌కీ ఏ సంబంధమూ లేదు. ఎంత ఖరీదైన పాలసీ తీసుకున్నా లెవీ పోదు. మీకు లెవీ వర్తించకపోవడానికి అసలు కారణం మెడికేర్‌లో మీకు హక్కు లేకపోవడం. బ్రిటన్, ఇటలీ, మాల్టా లాంటి 11 దేశాలతో ఆస్ట్రేలియాకు పరస్పర వైద్య ఒప్పందాలున్నాయి, భారత్‌తో లేదు. కాబట్టి తాత్కాలిక వర్క్ వీసా మీద వచ్చిన మనవాళ్లు పూర్తిగా ప్రైవేట్ ఇన్సూరెన్స్ మీదే ఆధారపడాలి.

మరి 2 శాతం ఎందుకు పడింది? ట్యాక్స్ లెక్కలో మీరు రెసిడెంట్ కిందికి వస్తారు, ఎవరికి మెడికేర్ ఉందో ఎవరికి లేదో జీతం ఇచ్చే కంపెనీ చూడదు. పే స్లిప్‌లో లెవీ అని విడిగా కూడా కనిపించదు, ట్యాక్స్ కోతలోనే కలిసిపోయి ఉంటుంది. మినహాయింపు మీ అంతట మీరు అడిగితేనే వస్తుంది, ఎవరూ పిలిచి ఇవ్వరు. నాకు బాధ కలిగించేది ఇదే. ఏడాదికి 1,10,000 డాలర్లు వచ్చే మనిషికి లెవీ 2,200 డాలర్లు అవుతుంది. ఊళ్లో అమ్మానాన్నలకు చాలా నెలలు గడిచే డబ్బు అది. తెలియక వదిలేసుకుంటున్నవాళ్లు మనలో ఉన్నారు.

ఏం చేయాలంటే, మెడికేర్‌ను చూసుకునే ప్రభుత్వ సంస్థ సర్వీసెస్ ఆస్ట్రేలియాకు 'మెడికేర్ ఎంటైటిల్‌మెంట్ స్టేట్‌మెంట్' కోసం దరఖాస్తు పెట్టండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ మనిషికి మెడికేర్ హక్కు లేదని వాళ్లు ఇచ్చే కాగితం అది. ఒకసారి తెచ్చుకుంటే సరిపోదు, జులై 1 నుంచి జూన్ 30 దాకా ఉండే ప్రతి ఆర్థిక సంవత్సరానికీ మళ్లీ తెచ్చుకోవాలి. మీ ఆవిడ వివరాలు కూడా పెట్టండి, కుటుంబంలో మీ మీద ఆధారపడ్డవాళ్లకూ హక్కు లేదని తేలితేనే పూర్తి మినహాయింపు. కాగితం చేతికొచ్చాక ట్యాక్స్ రిటర్న్‌లో మినహాయింపు రోజులు, అంటే మీకు హక్కు లేని రోజుల లెక్క, వేయండి. అది రావడానికి వారాలు పట్టవచ్చు. సొంతంగా రిటర్న్ వేసేవాళ్లకు అక్టోబర్ 31 గడువు, కాబట్టి జులైలోనే మొదలుపెట్టండి. గడువు లోపల రాకపోతే టెన్షన్ పడకండి, లెవీతో సహా రిటర్న్ వేసేసి తర్వాత సవరించుకోవచ్చు. పాత సంవత్సరాలది కూడా అలాగే తిరిగొస్తుంది, కానీ మామూలుగా అసెస్‌మెంట్ నోటీసు (ట్యాక్స్ ఆఫీసు లెక్క తేల్చి పంపే కాగితం) వచ్చిన రెండేళ్లలోపే సవరణకు వీలు. ముందు మీ పాత నోటీసుల తేదీలు తీసి చూసుకోండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, పెళ్లి కాలేదు. సిడ్నీలో ఏడాదికి 1,20,000 డాలర్ల జీతం. పీఆర్‌కు దరఖాస్తు చేశాక మెడికేర్ కార్డు వచ్చేసింది. ఇక ప్రైవేట్ పాలసీ మానేయనా? (సిడ్నీ పాఠకురాలు)

జవాబు: ఇప్పుడే తొందరపడి మానేయకండి. కార్డు హక్కు మొదలైన రోజు నుంచి మీకు లెవీ మినహాయింపు పోతుంది, అంతకు ముందు రోజులకు మాత్రం అడగవచ్చు. లెవీ కాక మెడికేర్ లెవీ సర్‌చార్జి అని ఇంకొకటి ఉంది, పైన ఆఫీసాయన లెవీతో కలిపేసుకున్నది బహుశా దీన్నే. 2025-26లో ఒంటరి వ్యక్తి ఆదాయం 1,01,000 డాలర్లు దాటి, తగిన హాస్పిటల్ పాలసీ లేకపోతే 1 నుంచి 1.5 శాతం అదనంగా పడుతుంది. ఇప్పటిదాకా మీరు కట్టిన ఓవర్సీస్ విజిటర్స్ పాలసీ (తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్ల పాలసీ) సాధారణంగా దీనికి లెక్కలోకి రాదు. స్థానికులు తీసుకునే హాస్పిటల్ కవర్‌కు మారాలి. మారే ముందు పాత పాలసీ ఆపితే వీసా షరతుకు ఇబ్బంది లేదని కూడా చూసుకోండి.

ఇంకో సంగతి, 31 దాటి వచ్చిన మీలాంటివాళ్లకు పూర్తి మెడికేర్‌లో నమోదైన రోజు నుంచి 12 నెలల గడువు ఉంటుంది. ఆలోపు హాస్పిటల్ కవర్ తీసుకోకపోతే, తర్వాత ఎప్పుడు తీసుకున్నా 30 దాటిన ప్రతి ఏడాదికీ ప్రీమియం మీద 2 శాతం చొప్పున ఎక్కువ కట్టాలి, అదీ పదేళ్ల పాటు. జీతం తక్కువైనా ఈ తేదీ మాత్రం మర్చిపోవద్దు.

ప్రశ్న: పెళ్లయి ఈమధ్యే పెర్త్ వచ్చాను. మావారు వీసా కోసం అన్నిటికంటే చవక పాలసీ తీసుకున్నారు. పిల్లల కోసం ఆలోచిస్తున్నాం. ఇది చాలుతుందా? (పెర్త్ పాఠకురాలు)

జవాబు: చాలకపోవచ్చమ్మా. వీసాకు సరిపోయే పాలసీ వేరు, కాన్పుకు పనికొచ్చే పాలసీ వేరు. చవక పాలసీల్లో చాలావాటికి ప్రసవం ఖర్చు ఉండదు, ఉన్నవాటికి కూడా మామూలుగా 12 నెలల వెయిటింగ్ పీరియడ్ పెడతారు. గర్భం వచ్చాక పెద్ద పాలసీకి మారితే ఆ గడువు పూర్తికాక ముందే కాన్పు వస్తుంది, మెడికేర్ లేనివాళ్లకు హాస్పిటల్ బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. అందుకే ఇవాళే పాలసీ కాగితం తీసి, ప్రసవం ఉందా, వెయిటింగ్ ఎంత, ఇప్పటికే ఉన్న జబ్బులకు ఎంత అని చూడండి. కంపెనీ మారితే పాత చోట గడిచిన నెలలు లెక్కలోకి తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో చెప్పింది నమ్మకండి. పుట్టబోయే బిడ్డకు మొదటి రోజు నుంచే కవర్ కావాలంటే ఫ్యామిలీ పాలసీకి ఎన్ని నెలల ముందు మారాలో కూడా ఆ మెయిల్‌లోనే అడిగేయండి.