అటక మీద దొరికిన పాత గేమ్ పుస్తకాలు

కందుకూరులో మీ మామయ్య ఇంటి అటక మీద ఒక పెట్టెడు పాత డిజిట్, స్కోర్ పుస్తకాలు (కంప్యూటర్, వీడియో గేముల పత్రికలు) దొరికాయని, వాటిని పాత పేపర్లవాడికి వేసేయాలా ఉంచాలా అని అడిగారు. అసలు వీడియో గేముల కోసం పత్రికలు ఎందుకు పుట్టాయో కూడా చెప్పమన్నారు.

మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను: వేయకండి. నావి అలాగే పోయాయి. మాది కావలి. నేను ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళాక మావాళ్ళు ఇల్లు మారుతూ అరవైకి పైగా పుస్తకాలను కిలోల లెక్కన అమ్మేశారు. వాళ్ళను ఏమీ అనలేను. అవి దాచాల్సినవని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నా దగ్గర పదకొండే మిగిలాయి.

ఇక రెండో ప్రశ్న. అమెరికాలో 1974లోనే ప్లే మీటర్ అనే పత్రిక వచ్చింది కానీ అది ఆడేవాళ్ళది కాదు, కాయిన్ వేసి ఆడే మెషీన్ల వ్యాపారంలో ఉన్నవాళ్ళది. ఆడేవాళ్ళ కోసం పత్రికలు మొదలైంది 1981 చివర్లో. ఇంగ్లండ్‌లో కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్ ఆ నవంబర్‌లో వచ్చింది. అమెరికాలో ఆర్నీ కాట్జ్, బిల్ కుంకెల్, జాయిస్ వోర్లీ కలిసి ఎలక్ట్రానిక్ గేమ్స్ అనే పత్రిక పెట్టారు. కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ కూడా అదే ఏడాదిది. అంతకుముందు చాలామంది డబ్బా మీద బొమ్మ చూసి గేమ్ కొనేవాళ్ళు. లోపల ఏముందో చెప్పేవాడు ఒకడు కావాలి, ఆ అవసరమే ఈ పత్రికలను పుట్టించింది.

అయితే ఆ రోజుల్లో పత్రిక గేమ్ గురించి చెప్పడమే కాదు, గేమునే అచ్చువేసి ఇచ్చేది. ఇది నాకు చేతికి తగిలి తెలిసింది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఇంటర్ చదివే రోజుల్లో పినాకిని రైల్లో మద్రాసు వెళ్ళినప్పుడల్లా సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్‌కి పరిగెత్తేవాణ్ణి. అక్కడ పాత పుస్తకాల గుట్టలో కవర్ ఊడిపోయిన 1983 నాటి ఇంగ్లండ్ పత్రిక ఒకటి దొరికింది. లోపల మూడు పేజీల నిండా సన్న అక్షరాల్లో, బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రామ్. స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ కోసం రాసిన గేమ్. కొన్నవాడు దాన్ని చూస్తూ లైను లైను టైప్ చేసుకుని ఆడాలి. కావలిలో మేము వెళ్ళే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్యూబేసిక్ ఉండేది, అదీ బేసిక్‌లో ఒక రకమే. రెండు ఆదివారాలు కూర్చుని మొత్తం కొట్టాను. రన్ చేస్తే సింటాక్స్ ఎర్రర్, అంటే రాసింది మెషీన్‌కి అర్థం కాలేదని.

మా సార్ వచ్చి పుస్తకం, స్క్రీన్ పక్కపక్కన పెట్టి చూశారు. "ఇది వేరే మెషీన్ బేసిక్ నాయనా, యాస వేరు" అన్నారు. స్క్రీన్ మీద ఫలానా చోట అక్షరం వేయాలంటే స్పెక్ట్రమ్‌లో ప్రింట్ ఎట్ అని ఉన్నచోట మాకు లొకేట్ రాయాలి. అక్కడ వరసలు సున్నా నుంచి లెక్క, మా దగ్గర ఒకటి నుంచి. అందుకే ప్రతి సంఖ్యకూ ఒకటి కలపాలి, లేకపోతే సున్నా ఉన్నచోట ఇల్లీగల్ ఫంక్షన్ కాల్ అని తప్పు చూపిస్తుంది. వాళ్ళ బీప్‌కి ఎంతసేపు, ఏ స్వరం అని రెండు అంకెలు ఇవ్వాలి. మా బీప్ ఏమీ తీసుకోదు, సౌండ్ వాడాలి. బొమ్మల కోసం మెమరీలో నేరుగా అంకెలు పెట్టే పోక్ లైన్లు మాత్రం ఆ మెషీన్ మెమరీకే పనికొస్తాయి, వాటిని తీసేసి బొమ్మల చోట నక్షత్రం గుర్తులు పెట్టాం. మూడో ఆదివారం సాయంత్రం ఒక నక్షత్రం స్క్రీన్ మీద ఎడమ నుంచి కుడికి కదిలింది. నేను పుట్టకముందే ఎవరో ఇంగ్లండ్‌లో రాసిన గేమ్ అది. ప్రోగ్రామింగ్ నా వృత్తి అయిందంటే దానికి ఆ మూడు పేజీలే కారణం.

తర్వాత అచ్చు కోడ్ పోయి క్యాసెట్లు, ఫ్లాపీలు, ఆపైన సీడీలు కవరుకు అతుక్కుని వచ్చాయి. జపాన్‌లో 1986లో మొదలైన ఫామిత్సు పత్రికలో నలుగురు విమర్శకులు తలా పది మార్కులు వేస్తారు. నలభైకి నలభై తొలిసారి 1998లో ఒక జెల్డా గేమ్‌కి పడ్డాయి. అమెరికాలో 1988లో వచ్చిన నింటెండో పవర్, గేములు చేసే నింటెండో కంపెనీ సొంత పత్రిక. అందులో మ్యాపులు చూడముచ్చటగా ఉండేవి కానీ, సొంత సరుకు గురించి సొంత పత్రిక చెప్పే మాటను విమర్శ అని నేను అనను.

మన దగ్గరికి వస్తే డిజిట్ 2001లో ఆ పేరుతో వచ్చింది. అంతకుముందు దాని పేరు చిప్. స్కోర్ కూడా డిజిట్ వాళ్ళదే, పూర్తిగా గేముల కోసం. నెల మొదటి వారం రోజూ బస్టాండు దగ్గర బుక్ స్టాల్‌కి వెళ్ళేవాణ్ణి. "ఇంకా రాలేదబ్బయ్యా, నెల్లూరు నుంచి కట్ట రావాల" అనేవాడు ఆయన. వచ్చాక మొదట సీడీ ఉందో లేదో చూసేవాణ్ణి, ఎందుకంటే మాకు అదే ఇంటర్నెట్. డయల్ అప్‌లో సెకనుకు ఐదు కేబీ వస్తే గొప్ప. వంద ఎంబీ డెమోకి (గేమ్ రుచి చూపే ముక్కకి) ఐదారు గంటలు, మధ్యలో ఇంటికి ఫోన్ వస్తే మళ్ళీ మొదటికి. ఒక్క సీడీలో దానికి ఆరేడు రెట్లు సరుకు. డెమోలో ఒకటి రెండు లెవెల్సే ఉండేవి, వాటినే నెలంతా ఆడేవాళ్ళం. మిగతా గేమ్ ఎలా ఉంటుందో పుస్తకంలో రివ్యూ చదివి ఊహించుకునేవాళ్ళం. నేను ఆడిన గేముల కంటే చదివిన గేములే ఎక్కువ.

ఇంటర్నెట్ అందరికీ అందాక ఆ అవసరం పోయింది. కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ 2006లో, గేమ్‌ప్రో 2011లో, నింటెండో పవర్ 2012 డిసెంబర్‌లో ఆగిపోయాయి. ఇంగ్లండ్ నుంచి 1993లో మొదలైన ఎడ్జ్ మాత్రం ఇంకా వస్తోంది.

అన్నీ నెట్‌లో ఉంటాయిలే అనుకోకండి. 1991 నుంచి నడిచిన అమెరికా పత్రిక గేమ్ ఇన్ఫార్మర్‌ను 2024 ఆగస్టులో మూసేసినప్పుడు వెబ్‌సైట్‌ను కూడా అదే రోజు తీసేశారు. ఏ లింకు నొక్కినా వీడ్కోలు ఉత్తరమే వచ్చేది. 2025లో పత్రిక మళ్ళీ వచ్చింది, అది వేరే సంగతి. ఆ నెలల్లో ఇళ్ళలో ఉన్న కాగితం ప్రతులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ ఆగిపోయిన పత్రికలు 1,500కు పైగా స్కాన్ చేసి, వెతుక్కునేలా 2025 జనవరిలో ఆన్‌లైన్‌లో పెట్టింది. మన పత్రికలకు ఆ పని మనమే చేసుకోవాలి. మన ఊళ్ళలో అప్పుడు ఏ కంప్యూటర్ ఎంతకు దొరికేదో, ఏ గేమ్ ధర ఎంతో ఆ ప్రకటనల్లోనే ఉంది. రివ్యూల కంటే ప్రకటనలే నాకు విలువైనవి, వాటిని చింపి పక్కన పెట్టొద్దు.

ముందు సీడీల సంగతి చూడండి, కాగితం కంటే అవే తొందరగా పోతాయి. సముద్రం దగ్గరి తేమకు నా సీడీల్లో రెండింటికి పైపూత పొరలుగా లేచింది. ఒక్కొక్కటి ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుని సూదిబెజ్జాల్లాంటివి కనిపిస్తున్నాయేమో చూడండి. బొమ్మ ఉన్న వైపు గీత పడితే మెరిసే వైపు గీత కంటే ప్రమాదం, డేటా పొర అటువైపే పలుచని పూత కింద ఉంటుంది. చదవగలిగినవన్నీ ఐఎస్ఓ ఫైళ్ళుగా, అంటే సీడీ మొత్తం ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా, కాపీ చేయండి. పేజీలు స్కాన్ చేస్తే స్పష్టత 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకి) తగ్గొద్దు. ల్యామినేషన్ అసలు వద్దు. పుస్తకాలను అటక మీద నుంచి దించి, గోడకు ఆనకుండా గాలి ఆడేచోట పెట్టండి.

పెట్టెలో ఏ ఏ నెలలవి ఉన్నాయో కవర్ల ఫొటోలు పెట్టండి. మీ దగ్గర స్కానర్ లేకపోతే చెప్పండి, వచ్చే నెల కావలి వస్తున్నాను, నాది పట్టుకుని కందుకూరు వస్తాను.