కొత్తగా ఇంజన్ ఎక్కుతున్న మేనల్లుడికి

చి. కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

ట్రైనింగ్ పూర్తయి అసిస్టెంట్ లోకో పైలట్‌గా, అంటే రైలు నడిపే పైలట్‌కు సహాయకుడిగా, విజయవాడలో పోస్టింగ్ వచ్చిందని అక్కయ్య ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషంరా. రూల్సు, ట్రబుల్ షూటింగు నీకు బాగానే నేర్పి ఉంటారు, వాటి జోలికి పోను. ఇంజన్ క్యాబ్‌లో కూర్చున్న మనిషి తల, ఒళ్లు ఎప్పుడు మేలుకుంటాయి, ఎప్పుడు మోసం చేస్తాయి అన్నది మాత్రం రాస్తాను. రిటైరయ్యాక దీని గురించి దొరికిందల్లా చదివాను. సర్వీసులో కళ్లారా చూసినవి అప్పుడు ఒక్కొక్కటే అర్థమయ్యాయి.

కొత్తది ఏది కనబడినా, వినబడినా మన ఒళ్లు చేస్తున్న పని ఆపేసి అటు తిరుగుతుంది. ఊపిరి క్షణం సేపు బిగబడుతుంది, కంటిపాప పెద్దదవుతుంది, అరచేతులు సన్నగా చెమరుస్తాయి, గుండె కొద్దిసేపు నెమ్మదిస్తుంది. రష్యాలో పావ్లోవ్ ఈ సంగతి తన కుక్కల్లో గమనించాడు. ఎంతో ఓపికగా అలవాటు చేసిన కుక్క కూడా కొత్త మనిషి గదిలోకి రాగానే నేర్చుకున్నది వదిలేసి అతని వైపే చూసేదట. ‘ఏమిటది?’ అని ఒళ్లే అడగడం అన్నాడాయన. తర్వాత మాస్కోలో సొకొలోవ్ అనే శాస్త్రవేత్త ఇంకొంచెం లోతుకు వెళ్లాడు. ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ వినిపిస్తే ఈ స్పందన తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. కానీ రావలసిన వేళకు ఆ చప్పుడు రాకపోతే చటుక్కున తిరిగొస్తుంది. అంటే తర్వాత ఏం రాబోతోందో మెదడు ముందే లెక్క కట్టుకుని ఉంటుంది, లెక్క తప్పినప్పుడే లేచి చూస్తుంది.

ఇది నీకు మొదటి వారంలోనే అనుభవానికి వస్తుంది. ఇంజన్‌ను చల్లబరిచే బ్లోయర్ల హోరు మొదట చెవులు పగలగొట్టినట్టుంటుంది. కాసేపటికి అసలు వినిపించదు. అదే బ్లోయర్ ట్రిప్ అయి ఆగిపోయిందనుకో, మాట మధ్యలో ఆపి పైలటూ నువ్వూ ఒకేసారి తలెత్తుతారు.

మన ప్రమాదం కూడా అక్కడే ఉంది. గూడూరు లైనులో గంటకు 130 కిలోమీటర్ల స్పీడులో పోతుంటే గ్రీన్ తర్వాత గ్రీన్, గ్రీన్ తర్వాత గ్రీన్. మెదడు ఆ లెక్కకు అలవాటు పడిపోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, సిగ్నల్ కూడా కళ్లలో పడుతుంది, కానీ ‘ఏమిటది?’ అని లోపల అడిగేవాడు ఉండడు. జాగ్రత్తపడమనే డబుల్ ఎల్లో, అంటే రెండు పసుపు దీపాలు, వస్తే రంగు మారింది కదా, అదే లేపుతుందిలే అని నమ్ముకోవద్దు. అరుదుగా వచ్చేదాన్ని కళ్ల ముందున్నా దాటేయడం మనిషి మెదడుకున్న జబ్బు. పైగా లేచినా టైము పడుతుంది. ఎదురుచూడని ముఖ్యమైన గుర్తు కనిపించిన దాదాపు 300 మిల్లీసెకన్లకు మెదడులో ఒక విద్యుత్ తరంగం లేస్తుందని 1965లోనే కనుక్కున్నారు. 130 స్పీడులో ఆ కాస్త సేపటికే బండి 11 మీటర్లు పోతుంది. తర్వాత ఏం చెయ్యాలో తేల్చుకోవాలి, చెయ్యి కదలాలి, గాలి బ్రేకు వెనక పెట్టెల దాకా అందాలి.

అందుకే ఆశ్చర్యం వచ్చి లేపేదాకా ఆగకూడదు. రాబోయే సిగ్నల్‌ని నువ్వే ముందుగా ముఖ్యం చేసుకోవాలి. చెయ్యి చాపి, గొంతెత్తి సిగ్నల్ పిలవమని రూలు పెట్టింది ఇందుకే. జపాన్ రైల్వేల్లోనూ ఇదే పద్ధతి ఉంది. చూపుడువేలితో చూపిస్తూ పైకి చెబితే పొరపాట్లు మునుపటిలో ఆరోవంతు కంటే తక్కువకు పడిపోయినట్టు అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో తేల్చింది. చెయ్యి, నోరు, చెవి, కన్ను నాలుగూ ఒకే దాని మీద పనిచేస్తే మెదడు పక్కకు జారిపోవడం కష్టం.

కానీ దీన్ని పాడు చేసే అలవాటు ఒకటుంది. స్టేషన్ ముందుండే హోమ్ సిగ్నల్ చూసి పైలట్ ‘హోమ్ గ్రీన్’ అనగానే అసిస్టెంటు కూడా తల ఎత్తకుండా ‘హోమ్ గ్రీన్’ అంటాడు. అది సిగ్నల్ చూడడం కాదు, పైలట్ మాటను తిరిగి అప్పజెప్పడం. అప్పుడు క్యాబ్‌లో ఇద్దరున్నా కళ్లు రెండే. సీనియర్ ఎంత పెద్దవాడైనా నీ కంటికి కనపడందే నోరు విప్పకు. కనపడకపోతే ‘నాకు కనపడలేదు సార్’ అని చెప్పు. విసుక్కునేవాళ్లు ఉంటారు, విసుక్కోనీ. ఇంకో మాట. పైలట్ ఎటో చూస్తూ ఉండిపోయి, ‘సార్’ అన్నా ఉలకకపోతే పేరు పెట్టి పిలువు. వేరే మాటల మీద ధ్యాస ఉన్నప్పుడు కూడా సొంత పేరు కొందరికి చెవిన పడుతుందని 1959లోనే ప్రయోగం చేసి చూశారు. పెద్దవాళ్లను పేరుతో పిలవడం మన ఇంట్లో నేర్పలేదు, నిజమే. క్యాబ్‌లో ఆ మొహమాటం పెట్టుకోకు.

పైలట్ మెలకువగా ఉన్నాడో లేదో కనిపెట్టే వీసీడీ పరికరం ఉందిగా అంటావేమో. 60 సెకన్లు ఏ కదలికా లేకపోతే లైటు వెలుగుతుంది, 8 సెకన్ల తర్వాత బజర్, మరో 8 సెకన్లకు బ్రేకు. లెక్క కట్టు, 130 స్పీడులో ఆ మొదటి నిమిషంలోనే రెండు కిలోమీటర్ల పైచిలుకు పోతాం. హోమ్‌కు ముందు హెచ్చరికగా ఉండే డిస్టెంట్ సిగ్నల్ దాటి హోమ్ దాకా వచ్చేస్తాం. అదీ కాక, మేలుకునే ఉన్నానని వీసీడీకి చెప్పే బటన్ నొక్కడం ఎంత అలవాటైపోతుందంటే మనిషి సగం నిద్రలో ఉన్నా వేలు దాని పని అది చేసుకుపోతుంది. పైలట్ బ్రేకు వెయ్యకపోతే తానే వేసే కవచ్ వ్యవస్థ చాలా మంచిది. 2022 మార్చిలో మన సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రిని ఇంజన్‌లో కూర్చోబెట్టుకుని ప్రయోగం చేసి చూపించారు. అన్ని లైన్లలోకీ రావాలని మనసారా కోరుకుంటాను. వచ్చినా నీ పిలుపు ఆపకు.

ఉలికిపాటు సంగతి వేరు. అది ‘ఏమిటది?’ అనే ప్రశ్న కాదు, ఒంటిని కాపాడుకునే తొందర. బాపట్ల దగ్గర ఒక తెల్లవారుజామున దట్టమైన మంచు, 40 స్పీడులో పాకుతున్నాం. సిగ్నల్ దగ్గరపడిందని తెలియడానికి పట్టాల మీద పెట్టే టపాసుల్లాంటి డిటొనేటర్లు రెండూ చక్రాల కింద వెంటవెంటనే పేలాయి. అవి పేలతాయని తెలిసి కూర్చున్నవాళ్లమే. అయినా ఇద్దరి భుజాలూ చెవుల దాకా లేచాయి, కళ్లు మూసుకుపోయాయి, అసిస్టెంటు కిటికీ చువ్వను పట్టుకున్న పట్టు వదల్లేదు. నేను గట్టిగా ‘సిగ్నల్ చూడు’ అన్నాను. అప్పుడు గాని అతని మొహం ముందుకు తిరగలేదు. పేలిన చోటి నుంచి సిగ్నల్ 270 మీటర్లు, ఆ స్పీడులో 24 సెకన్లు. మొదటి రెండు మూడు సెకన్లు ఒళ్లు తీసేసుకుంటుంది. మిగిలినవి నీవి. ఉలిక్కిపడ్డానేమిటని సిగ్గుపడొద్దు. అది అందరికీ ఉంటుంది. పడిన వెంటనే ఏం వెతకాలో మాటల్లో అనుకోవడం నేర్చుకో.

పట్టాల మీది మనుషులకూ, గేదెలకూ ఇవే ఒళ్లు. హారన్ వినగానే ముందు ఆగి చూస్తారు, ఆ తర్వాతే కదులుతారు. దగ్గరికొచ్చాక ఒక్కసారిగా మోగిస్తే ఉన్నచోటే కొయ్యబారిపోవచ్చు. అందుకే దూరం నుంచే, పొడుగ్గా, మళ్లీ మళ్లీ కొట్టు. ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆ స్పీడులో బండి ఆగడానికి కిలోమీటరుకు అటూ ఇటూ కావాలి.

ఇది రాయడం కష్టంగానే ఉంది కానీ రాయకపోతే తప్పు. ఏదో ఒకరోజు నీ బండి కింద ఎవరైనా పడతారు. ఆ తర్వాత చేతులు వణుకుతాయి, నోరెండిపోతుంది, చూపు ఒకచోటే నిలిచిపోతుంది. ఆ అదురుకు ఒంట్లో ఊరిన రసాయనం ప్రభావం వెంటనే దిగదు. బండి మళ్లీ కదిలాక మొదటి సిగ్నళ్లను రెండేసి సార్లు పిలువు, ఊపిరి నెమ్మదిగా వదులు. వణుకు తగ్గకపోతే కంట్రోల్ ఆఫీసుకు చెప్పి, నీ బదులు ఇంకొకరిని పంపమని రిలీఫ్ అడుగు. రాత్రుళ్లు ఆ దృశ్యం మళ్లీ మళ్లీ వస్తూ నిద్ర పట్టకపోతే రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్లు. ‘మగాడివి, ఇంత దానికేనా’ అనేవాళ్ల మాట చెవిన పెట్టకు.

డ్యూటీకి సైన్ ఆన్ అయ్యాక ఫోను ఆఫ్ చెయ్యి. వైబ్రేషన్‌లో పెట్టి జేబులో ఉంచుకోవడం కూడా వద్దు. అది కదిలితే చాలు, తల అటు లాగేస్తుంది, నువ్వు చూడకపోయినా.

వీటన్నిటికీ అడుగున ఉన్నది నిద్ర. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య మెదడు మందగిస్తుంది, నిద్ర లేనివాడికైతే ఎంత కొత్తదీ కొత్తగా అనిపించదు. నైట్ ఉన్న రోజు మధ్యాహ్నం ఇంట్లో నిన్ను ఎవరూ లేపకూడదు, కాలింగ్ బెల్ మోగకూడదు. ఈ సంగతి అక్కయ్యతో నేనే మాట్లాడతాను. నువ్వు మాత్రం నీ గదికి మందపాటి పరదాలు ఈ వారంలోనే కట్టించుకో.

నీ
మామయ్య