జస్టిస్ లీగ్ డార్క్: చిన్నపిల్లలకు చూపెట్టొచ్చా?

నల్లగొండ నుంచి వచ్చిన ప్రశ్న: బ్యాట్‌మన్ ఉన్నడు గదా, ఎనిమిదేండ్ల పిల్లగానికి చూపెట్టొచ్చా?

వద్దు. 2017లో వచ్చిన ఈ యానిమేషన్ సినిమాకు అమెరికాలో ‘ఆర్’ రేటింగ్; 17 ఏండ్లలోపోళ్లకు పక్కన పెద్దోళ్లుండాలె. మొదట్లనే మంత్రం తగిలినోళ్లకు ఎదుటి మనుషులు దయ్యాల లెక్క కనవడతరు. ఒకామె కారుతోని జనాన్ని గుద్దుకుంట పోతది. బాణామతి పుకార్లు విని పెరిగిన మన దిక్కు పిల్లలైతే ఆ రాత్రి నిద్రపోరు.

కథలో కిటుకేందంటే, సూపర్‌మన్ బలం మంత్రాన్ని ఆపలేదు. అందుకే బ్యాట్‌మన్ మంత్రగాడు కాన్‌స్టంటైన్ సాయం తీసుకుంటడు. ఇందులోనే ఉన్న మంత్రగత్తె జటానా చదివే మంత్రాలు ఏదో వింత భాష అనుకుంటరు గాని, అవి తిరగేసి పలికిన ఇంగ్లీషు మాటలే, మన ‘తలుపు’ను ‘పులుత’ అన్నట్టు. సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే చిక్కుతయి.