కొండలు ముందు, నది తర్వాత

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన సైకిల్ రూట్ మ్యాప్ చూశాను. మొత్తం 80 కిలోమీటర్లు. మొదటి అరవై నది వెంట, చివరి ఇరవై కొండల మీద. "దూరం మరీ ఎక్కువైందా అత్తయ్యా?" అని అడిగావు. నాకు దూరంతో ఇబ్బంది లేదు నాన్నా, కొండలు చివర్లో పెట్టావే, అదే నచ్చలేదు. కాళ్లు అలిసి, ఎండ నెత్తికెక్కి, సీసాలో నీళ్లు అడుగంటిన వేళకి నువ్వు ఎక్కుడు మొదలుపెడతావు. ఎక్కాక దిగాలి. దిగేటప్పుడు చేతులూ కళ్లూ చురుగ్గా ఉండాలి, అప్పటికి అవీ అలిసిపోయి ఉంటాయి. అందుకని ఆ రూట్‌ని తిరగేసి గీయి. కొండలు ముందు, నది తర్వాత. ఎంత నీరసపడినా, వేగం ఎంత తగ్గినా నది వెంట రోడ్డు మీద నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. కొండ మీద ఆ వెసులుబాటు ఉండదు.

ఏ రూట్ ఎంత కష్టమో తెలియాలంటే కిలోమీటర్ల కంటే ముందు మొత్తం ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలో చూడు. నా లెక్క ఇలా ఉంటుంది: 100 కిలోమీటర్లకు 1000 మీటర్ల ఎక్కుడు ఉంటే మామూలు ఎత్తుపల్లాల రోడ్డు. 2000 ఉంటే ఆ రోజంతా కొండలతోనే పని. కొత్తగా కొండలెక్కేవాళ్లు గంటలో 400 మీటర్ల ఎత్తు ఎక్కితే బాగా ఎక్కినట్టే. టైమ్ అంచనా దీని మీద వేసుకో, చదును నేల మీద నీకున్న వేగం మీద వేయకు.

సగటు వాలును కూడా నమ్మకు. 5 కిలోమీటర్లలో 250 మీటర్లు ఎక్కే రోడ్డుకి సగటు 5 శాతం. వినడానికి తేలికే. కానీ అందులో మూడు కిలోమీటర్లు దాదాపు చదునుగా ఉండి, మిగతా ఎత్తంతా చివరి రెండు కిలోమీటర్లలోనే ఉంటే అక్కడ వాలు 10 శాతం దాటుతుంది. మ్యాప్‌లో కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఎక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయో చూస్తే ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. గీతలు ఒత్తుగా ఉన్నచోట రోడ్డు వాటిని అడ్డంగా కోసుకుంటూ తిన్నగా పైకి పోతుంటే అది నిటారు ఎక్కుడు. అక్కడే రోడ్డు హెయిర్‌పిన్ మలుపులు తిరుగుతూ పోతుంటే భయపడక్కర్లేదు. ఆ మలుపులు వేసిందే వాలు తగ్గించడానికి.

ఇక నది సంగతి. రోడ్డు గీతను చూసే ముందు నీలి గీతను చూడటం అలవాటు చేసుకో. లోయలో ఏ రోడ్డు ఎలా పోవాలో చాలావరకు నిర్ణయించింది నదే. నది వంపు తిరిగే చోట బయటి వైపు ఒడ్డును నీళ్లు కోస్తుంటాయి, కొండ పాదం నిటారుగా తెగి ఉంటుంది. అక్కడ రోడ్డుకి చోటు చాలక గట్టు మీదికి ఎక్కి మళ్లీ దిగుతుంది. వంపు లోపలి వైపు ఒండ్రు మేట వేసి చదునుగా ఉంటుంది. అందుకే "నది వెంట రోడ్డే కదా, చదునుగానే ఉంటుంది" అనుకుని వెళ్లినవాళ్లకి చిన్న చిన్న నిటారు ఎక్కుళ్లు వరసగా తగులుతాయి. ఒక్కోటి ముప్పై మీటర్లే అయినా పది కలిస్తే ఒక కొండ.

నదిలో ఎక్కడెక్కడ వాగులు కలుస్తున్నాయో కూడా చూడు. కొండల్లోకి దారి దొరికేది అక్కడే. వాగు వెంట పైకి పోయే చిన్న రోడ్డు మొదట నిదానంగా లేస్తుంది, వాగు పుట్టే చోటికి చేరుతుంటే నిటారవుతుంది, కనుమ దాటితే అవతలి లోయలో మరో వాగు వెంట దిగుతుంది. ఒక వాగు వెంట ఎక్కి మరో వాగు వెంట దిగి మళ్లీ నదిని చేరుకోవడం, నాకు తెలిసిన రూట్లలో దీన్ని మించింది లేదు. వచ్చిన దారినే వెనక్కి రావాల్సిన పని ఉండదు, ఎక్కుడు కూడా కాళ్లు వేడెక్కేదాకా ఆగి, ఆ తర్వాతే గట్టిపడుతుంది.

వంతెనలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకో. పల్లెల వైపు రెండు వంతెనల మధ్య చాలా దూరం ఉండొచ్చు. రూట్‌ని ఎక్కడ తగ్గించుకోవచ్చో చెప్పేవి అవే. సాధారణంగా ఒక ఒడ్డున పెద్ద రోడ్డు, లారీలు ఉంటాయి, అవతలి ఒడ్డున సన్న రోడ్డు ఉంటుంది. కాస్త గతుకులున్నా, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా నేనైతే సన్న రోడ్డే పట్టుకుంటాను. ఎండాకాలంలో పొద్దున తూర్పు కొండల పాదం వెంట పోయే రోడ్డుకి చాలాసేపు నీడ ఉంటుంది, సాయంత్రం పడమటి ఒడ్డుకి. వానలు పడ్డాక పల్లపు రోడ్లు మునుగుతాయి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లోతు ఎంత తక్కువ కనిపించినా దిగొద్దు. కింద రోడ్డు మిగిలుందో లేదో పైనుంచి తెలియదు. వెనక్కి తిరిగి వంతెన మీదుగా వెళ్లు.

గాలిని కూడా లెక్కలోకి తీసుకో. ఎండ ఎక్కేకొద్దీ కొండవాలులు వేడెక్కుతాయి, లోయలో గాలి ఎగువ వైపు వీస్తుంది. రాత్రి చల్లబడి బరువెక్కిన గాలి దిగువకు జారుతుంది, తెల్లవారాక కూడా కాసేపు అలాగే ఉంటుంది. పెద్ద గాలులేవీ లేని రోజున ఇది దాదాపు తప్పదు. కాబట్టి పొద్దున కొండల మీదుగా దిగువ వైపు వెళ్లి, మధ్యాహ్నం నది వెంట ఎగువకు వస్తే గాలి వెనకనుంచి తోస్తుంది. ఎగువకు అంటే ఎక్కుడు కదా అంటావేమో. విశాలమైన లోయలో నది వాలు కిలోమీటరుకు కొద్ది మీటర్లే, ఒక్కోచోట ఒక్క మీటరు కూడా ఉండదు. అదే గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో గంటకు 25 వేగంతో తొక్కేవాడికి గంటకు 40 కిలోమీటర్ల గాలి ముఖానికి కొడుతుంది, ఆ ఒత్తిడి గాలి లేనప్పటికంటే రెండున్నర రెట్లు ఎక్కువ. ఆ రెండింటిలో నన్ను ఎంచుకోమంటే వాలునే ఎంచుకుంటాను.

రాత్రి జారిన ఆ చల్లగాలే లోయ అడుగున చేరి పొద్దున్నే పొగమంచు పడుతుంది. వెనకాల ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు వేయకుండా బయల్దేరకు. కొండ కాస్త ఎక్కితే మంచు పైకి వచ్చేస్తావు, అక్కడ వెచ్చగా కూడా ఉంటుంది. కొండలు ముందు అనడానికి ఇదీ ఒక కారణం.

గేర్ల విషయంలో బింకానికి పోవద్దు. టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ రేసులో డెరైల్యూర్ గేర్లను, అంటే తొక్కుతూనే చైన్‌ని ఒక పళ్లచక్రం మీంచి మరోదాని మీదికి మార్చే గేర్లను, అనుమతించిందే 1937లో. ఆ రేసును నడిపిన హెన్రీ డెగ్రాంజ్‌కి అవంటే గిట్టేది కాదు. అంతకుముందు రేసర్లు కొండ కింద ఆగి, వెనక చక్రం ఊడదీసి, పెద్ద పళ్లచక్రం ఉన్న వైపుకి తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు. అంత అవస్థ తప్పించడానికి వచ్చిన చిన్న గేరును వాడటానికి సిగ్గెందుకు? ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒకే చుట్టు, అంటే సుమారు 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. నెమ్మదే, కానీ మోకాళ్లు పాడవ్వవు. ఎక్కుడు మొదలవ్వక ముందే గేరు మార్చు, చైన్ మీద బరువు పడ్డాక మార్చబోతే కరకరలాడి జారిపోతుంది. మాట్లాడుతూ ఎక్కగలిగేంత ఆయాసంతోనే తొక్కు. మొదటి కిలోమీటరులో ఎవరైనా దాటిపోతే పోనీ.

దిగుడు గురించి మాత్రం కాస్త ఓపిగ్గా చదువు. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. గంటకు ఇరవైలో నీకున్న ధైర్యం నలభైలో పనికిరాదు. చేతులు హ్యాండిల్ కింది వంపుల్లో పెట్టు, బ్రేకు మీద పట్టు అక్కడే బాగుంటుంది. మలుపులోకి వెళ్లక ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలెయ్. మలుపు బయటి వైపు పెడల్ కిందికి దించి దాని మీద బరువు వెయ్. చూపు గుంట మీద కాకుండా నువ్వు వెళ్లాల్సిన చోట ఉండాలి, సైకిల్ చూపు వెంటే పోతుంది. పొడుగాటి దిగుడులో బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచొద్దు, రిమ్ములూ డిస్కులూ కాగిపోతాయి. గట్టిగా నొక్కి వేగం తగ్గించు, కాసేపు వదులు, మళ్లీ నొక్కు. పొలాల బాటలు కలిసేచోట ట్రాక్టర్ చక్రాల మట్టి ఉంటుంది, వాన వెలిశాక మలుపుల్లో కంకర కొట్టుకొచ్చి ఉంటుంది, నీడలో రోడ్డు మధ్యాహ్నం దాకా తడిగానే ఉంటుంది. మలుపు అవతల పశువుల మంద ఉండొచ్చు. కనిపించినంత దూరంలో ఆగగలిగేంత వేగమే నీ వేగం అనుకో.

పైన ఆగినప్పుడు గాలి చొరబడని పల్చటి జాకెట్ వేసుకుని దిగు, చెమట మీద గాలి కొడితే వేళ్లు కొయ్యబారి బ్రేకు సరిగా పట్టుకోలేవు. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి, ఆకలయ్యేదాకా ఆగొద్దు. రెండు ట్యూబులు, టైర్ ఊడదీసే లివర్లు, పంపు ఉంటే చాలు. టైర్లు 28 మిల్లీమీటర్లవి వేయించు, పల్లె రోడ్ల మీద సన్న టైర్లతో వేగం పెరగదు, పంక్చర్లు పెరుగుతాయి.

ఇరుకు లోయల్లో ఫోన్ సిగ్నల్ తరచూ పోతుంది. రూట్ ఫోన్‌లో ముందే దించి పెట్టుకో, ఒక కాగితం మీద వంతెనల పేర్లు, మలుపులు రాసి జేబులో వేసుకో. ఎటు వెళ్తున్నావో, ఏ వేళకి వస్తావో మీ అమ్మకి చెప్పి బయల్దేరు. కనుమ మీద సాధారణంగా సిగ్నల్ దొరుకుతుంది, దిగుడు మొదలుపెట్టే ముందు అక్కడ ఆగి ఆమెకొక మెసేజ్ పెట్టు. నాకూ పెట్టు.

మీ అత్తయ్య