బియ్యప్పిండి హల్వా మర్నాటికి నీరు వదలకుండా ఉండాలంటే గమ్ ఎంత కలపాలి?

కొబ్బరిపాలు, బియ్యప్పిండి, బెల్లంతో చేసిన హల్వా రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి చుట్టూ నీరు చేరుతోందని, కోస్తే ముక్క పగులుతోందని, గమ్ కలిపితే ఆగుతుందా అని అడిగారు. చాలావరకు ఆగుతుంది, పూర్తిగా ఆగదు. మాది నరసన్నపేట. పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఇదే హల్వా కప్పుల్లో పోసి ఇస్తుంటాను కాబట్టి ఈ టెన్షన్ నాకు బాగా తెలుసు.

తప్పు మీ చేతిది కాదు, బియ్యానిది. స్వర్ణ, సోనామసూరి లాంటి రకాల పిండిలో అమైలోజ్, అంటే పొడవాటి పోగుల్లా ఉండే ఒక రకం పిండిపదార్థం, ఎక్కువ. ఉడికేటప్పుడు విడిపోయి నీటిని పట్టుకున్న ఆ పోగులు, చల్లారాక మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని నీటిని బయటికి పిండేస్తాయి. ఫ్రిజ్‌లో ఉండే 4 డిగ్రీల చల్లదనంలోనే ఈ గట్టిపడటం మరీ జోరుగా సాగుతుంది. పోనీ బయట ఉంచుదామా అంటే, మన ఎండలకి కొబ్బరిపాలు సాయంత్రానికే పాడవుతాయి.

నేను మొదట తెచ్చింది గ్వార్ గమ్. గోరుచిక్కుడు గింజల పొడే అది. మరుగుతున్న పాలలో చెంచాడు వేసేశాను. పైన జిగురు, లోపల పొడిపిండితో ఉండలు కట్టేసింది. రెండోసారి ఉండలు రాలేదు గానీ ఎక్కువైపోయింది. మా అత్త ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇదేటే, బెండకాయ పులుసులా సాగుతాది?" అంది.

ఇప్పుడు చేసేది ఇలా. పాలు, నీళ్లు, బెల్లం పాకం అన్నీ కలిపి లీటరుకి 120 గ్రాముల బియ్యప్పిండి, 2 గ్రాముల జాంతన్ గమ్ (పులియబెట్టి తయారుచేసే ఇంకో రకం జిగురు పొడి). చెంచా కొలత నమ్మొద్దు, గ్రాములు చూపించే చిన్న కాటా కొనుక్కోండి. గమ్‌ని ముందు రెండు చెంచాల పొడి పంచదారలో బాగా కలపాలి. లీటరులోంచే తీసిన చల్లటి నీళ్లు మిక్సీలో తిరుగుతుండగా ఆ పొడి కొద్దికొద్దిగా చల్లి, ఇరవై నిమిషాలు వదిలేయాలి. ఆ తర్వాతే పిండి, పాలు, పాకం కలిపి సన్నటి మంట మీద పెట్టాలి. 3 గ్రాములు దాటితే మళ్లీ బెండకాయ పులుసే. ఇంకాస్త మెత్తగా కావాలంటే ఒక గ్రాము జాంతన్, ఒక గ్రాము గ్వార్ వేసి చూడండి. మునుపు మర్నాడు కప్పు వంచితే చెంచాడు నీళ్లు కారేవి, ఇప్పుడు అంచు తడిగా ఉంటుందంతే. మూడో రోజుకి మాత్రం ఎలాగూ బిరుసెక్కుతుంది, అందుకే రెండు రోజులకి మించి ఉంచమంటే ఆర్డరే తీసుకోను.

ఏజెన్సీలో గిరిజనులు సేకరించే తపసి బంక కూడా వాడి చూశాను, మన దగ్గర దొరికేదే కదా అని. నీళ్లలో బాగానే ఉబ్బింది. కానీ దానికుండే వెనిగర్ లాంటి పుల్లటి వాసన కొబ్బరి వాసనని మింగేసింది. చైనా గ్రాస్ అయితే ముక్క నిలబడుతుంది గానీ పెళుసుగా ఉంటుంది, పైగా అదీ నీరు వదులుతుంది.

ఇంకోటి, వేడి మీద మూత పెడుతున్నారేమో చూసుకోండి. ఆవిరే నీరై పైన చేరుతుంది, దానికి ఏ గమ్మూ పనిచేయదు. నేను పల్చటి గుడ్డ కప్పి గంట చల్లారాకే మూతలు పెడతాను.