సీటీ యాంజియోలో 60 శాతం బ్లాక్ అన్నాక మళ్లీ న్యూక్లియర్ స్కాన్ ఎందుకు?

మీ నాన్నగారి సీటీ యాంజియోగ్రామ్‌లో 60 శాతం బ్లాక్ కనిపించింది, ఇప్పుడు పర్ఫ్యూజన్ స్కాన్ (గుండె కండరానికి రక్తం ఎంత అందుతోందో చూసే న్యూక్లియర్ స్కాన్) కూడా రాశారు, ఇది నిజంగా అవసరమా అని అడిగారు. మా నాన్నగారికి రాసినప్పుడు నాకూ ఇదే అనుమానం వచ్చింది. డాక్టర్‌తో కాస్త గట్టిగానే వాదించాను.

సీటీలో రక్తనాళం ఆకారం తెలుస్తుంది. కాలువలో పూడిక ఎక్కడుందో చూపిస్తుంది గానీ, చివరి మడికి నీళ్లు అందుతున్నాయో లేదో చెప్పదు. అది పర్ఫ్యూజన్ స్కాన్ చెబుతుంది. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిన మందు నరానికి ఎక్కించి, గుండె శ్రమలో ఉన్నప్పుడు ఒకసారి, విశ్రాంతిలో ఒకసారి ఫొటోలు తీస్తారు. శ్రమలో మాత్రమే రక్తం తగ్గితే కండరం బతికే ఉంది, రక్తం చాలడం లేదని. రెండింటిలోనూ తగ్గితే పాత గుండెపోటు మచ్చ కావచ్చు.

మా నాన్నగారికి ఎడమవైపు ముందు నాళంలో 60–70, కుడి నాళంలో 50 శాతం దాకా అని సీటీ రిపోర్టు. మా టెన్షనంతా ఎడమదాని మీదే. తీరా చూస్తే గుండె ముందు గోడకు రక్తం బాగానే అందుతోంది, శ్రమలో తగ్గింది అడుగు గోడకి! అంటే కుడి నాళం. ఎడమ నాళంలో కాల్షియం ఎక్కువ, అందుకే సీటీలో పూడిక ఉన్నదానికంటే పెద్దగా కనిపించి ఉంటుందన్నారు. కుడిదాంట్లో ఇరుకు తక్కువే అయినా చాలా పొడవుంది. అడుగు గోడ మీద డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరపు పొర) నీడ పడి రక్తం తగ్గినట్టు కనిపించే మోసం కూడా ఉందట. విశ్రాంతి ఫొటో బాగుంది కాబట్టి ఇది నీడ కాదన్నారు. రెండు స్కాన్లనూ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించారు. రంగు మారిన చోటు సరిగ్గా కుడి నాళం దారిలోనే ఉంది. ఇక నేనేం మాట్లాడలేదు.

అలాగని పర్ఫ్యూజన్ ఒక్కటే చాలదు. అది ఒక గోడను ఇంకో గోడతో పోల్చి చూస్తుంది. మూడు నాళాలూ సమానంగా మూసుకుపోతే అంతా బాగున్నట్టే కనిపించవచ్చు. అక్కడ సీటీ పట్టేస్తుంది.

కిడ్నీ సమస్య ఉంటే సీటీకి ముందే చెప్పాలి కదా, పర్ఫ్యూజన్ స్కాన్‌కి అసలు శత్రువు కాఫీ. మందు ఇచ్చి శ్రమ పెట్టించే పద్ధతైతే కెఫీన్ ఆ మందును పనిచేయనివ్వదు. సాధారణంగా 12 నుంచి 24 గంటల ముందే కాఫీ, టీ, చాక్లెట్ మానేయమంటారు. నాన్నగారు పొద్దున్నే ఒక కప్పు తాగేసి వెళ్లారు, వెనక్కి పంపేశారు.